వాగ్దాన కార్డు వెనుక ఉన్న ఉత్తరం

అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ మీ నాయనమ్మా క్షేమంగా ఉన్నాము. గుంటూరులో మీరిద్దరూ, అమ్మా నాన్నా క్షేమమని తలుస్తాను.

పోయిన ఆదివారం ఫోనులో చిట్టితల్లి అడిగిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. "తాతయ్యా, 2023 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన ఇంటి పేరున తీసిన వాగ్దానం యిర్మీయా 29:11 కదా, హాని చేయనని దేవుడు మాట ఇచ్చిన ఆ సంవత్సరంలోనే బుడమేరు మన ఇంట్లోకి ఎందుకు వచ్చింది?" అని నువ్వు అడిగావు. దేవుని విషయంలో ఇలాంటివి అడగకూడదని నీకెవరైనా చెబితే నమ్మకు. ఎన్నాళ్లు, ఎంతకాలము అని 13వ కీర్తన నాలుగుసార్లు దేవుణ్ణే అడుగుతుంది. దాన్ని ఏ తరం పెద్దలూ గ్రంథంలోంచి తీసివేయలేదు. నువ్వు అడిగినందుకు నేను బాధపడలేదమ్మా, తొందరపడి తేలిక జవాబు చెబుతానేమోనని భయపడ్డాను. అందుకే ఉత్తరం వ్రాస్తున్నాను. అన్నయ్యతో కలిసి, బైబిలు పక్కన పెట్టుకుని చదువు.

కొత్త సంవత్సరానికి వాగ్దానంగా మనకు వచ్చిన ఆ బైబిలు వాక్యపు కార్డు, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నది, ఇప్పటికీ బీరువా తలుపు మీదే ఉంది. 2024 సెప్టెంబరు 1 ఆదివారం నీళ్ళు గుమ్మం దాటి రావడం, చేతికందినవి పట్టుకుని అందరం డాబా మీదికి ఎక్కడం, నాన్న కుట్టు మిషన్లు రెండూ కింద కొట్టులోనే మునిగిపోవడం మీకు గుర్తే. నీళ్ళు తీసిన తరువాత కిందికి దిగి చూస్తే కార్డు మీద సగం ఎత్తున బురద చార కట్టి ఉంది. అలమరలోని పెద్ద బైబిలు కాగితాలన్నీ అంటుకుపోయి ముద్దయింది. మీ నాయనమ్మ దాన్ని పారేయనివ్వలేదు. ఫ్యాను కింద పెట్టి, కుట్టుసూది మొనతో ఒక్కొక్క కాగితాన్ని విడదీస్తూ, మధ్యలో వార్తాపత్రిక ముక్కలు పెడుతూ, రోజుకు ఇరవై ముప్పై కాగితాల చొప్పున నేను ఆరబెట్టాను. ఆ పని వల్ల యిర్మీయా గ్రంథాన్ని ఒక్క పుట కూడా దాటకుండా వరుసగా చదివాను. అరవై ఏళ్ళుగా ఆరాధనకు వెళుతున్న నేను 29వ అధ్యాయంలో పదకొండో వచనాన్ని కంఠస్థం చేశానే గాని, అది ఒక ఉత్తరం మధ్యలో ఉన్న వాక్యమని అంతకు ముందు ఎన్నడూ ఆలోచించలేదు.

అది నిజంగా ఉత్తరమే. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకుని, యూదా రాజుగా గద్దెనెక్కి మూడు నెలలే అయిన యెహోయాకీనును, రాజమాతను, అధికారులను, వారితోపాటు చేతిపనివారిని, కమ్మరులను తన దేశానికి తరలించుకుపోయాడు. చేతిపనివారు అన్న మాట దగ్గర నాకు మీ నాన్న గుర్తుకు వచ్చాడు. రాజుల యుద్ధంలో వారి తప్పేమిటో తెలియకుండానే పనిముట్లతో సహా ఊరు విడిచిన మనుషులు వాళ్ళు. యెరూషలేములో మిగిలిపోయిన ప్రవక్త యిర్మీయా వాళ్ళకు ఉత్తరం వ్రాసి, యెహోయాకీను తరువాత రాజైన సిద్కియా బబులోనుకు పంపిన దూతలు ఎల్యాశా, గెమర్యాల చేతికి ఇచ్చాడు.

ఆ ఉత్తరానికి ముందు అధ్యాయం చదవకపోతే దాని బరువు తెలియదు. బబులోనుకు లోబడక తప్పదని చూపించడానికి యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకుని తిరుగుతున్నాడు. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో యాజకుల ముందు, ప్రజలందరి ముందు రెండేళ్ళలోగా దేవుడు బబులోను కాడిని విరిచి అందరినీ తిరిగి తీసుకువస్తాడని ప్రకటించాడు. అక్కడున్నవారికి ఆ మాట ఎంత తీపిగా వినిపించి ఉంటుందో ఆలోచించండి. కొడుకు దూరమైన తల్లికి, అల్లుడు దూరమైన మామకు రెండేళ్ళంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకోగలిగిన కాలం. యిర్మీయా హనన్యాను దూషించలేదు. "ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక" అన్నాడు. ఆ మాట ఎగతాళికి అన్నాడని నేను అనుకోను. తన ప్రజలు రెండేళ్ళలో తిరిగి రావాలని అతనికీ ఉంది. అయినా కోరిక వేరు, దేవుడు పలికిన మాట వేరు అని తెలిసినవాడు గనుక, ఆ సంగతి జరిగినప్పుడే ప్రవక్త నిజమైనవాడని తెలుస్తుందని చెప్పాడు. అప్పుడు హనన్యా అతని మెడ మీది కాడిని తీసి విరగగొట్టి, దేవుడు ఇలాగే చేస్తాడన్నాడు. యిర్మీయా తన దారిన వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేను మీకు ఒక తప్పు ఒప్పుకోవాలి. వరద తరువాత ఒక సభలో "క్రిస్మసు లోపల మీరు పోగొట్టుకున్నదంతా రెండంతలుగా తిరిగి వస్తుంది" అన్న మాట విని, దాన్నే పట్టుకుని, గుంటూరులో పని దొరికిందన్న మీ నాన్నను నేనే మూడు నెలలు వెళ్ళనివ్వలేదు. ఆ మూడు నెలల వడ్డీ వాడి నెత్తిన పడింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. చెప్పినవారి మనసును నేను తీర్పు తీర్చను. నేను విన్నది నాకు ఇష్టమైన మాట కాబట్టి దేవుని మాట అనుకున్నాను.

హనన్యా మాటకు ఎదురుగా యిర్మీయా ఉత్తరంలో ఏముందో చూడండి. ఇళ్ళు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీ పిల్లలకూ పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరగా తీసుకుపోయిన ఆ పట్టణపు క్షేమం కోరి దాని కోసం ప్రార్థించండి. ఇదంతా అయిన తరువాత పదో వచనంలో గడువు చెప్పాడు: డెబ్బై సంవత్సరాలు. ఉత్తరం విన్న ఇరవై ఏళ్ళ కుర్రవాడు తిరుగు ప్రయాణం నాటికి తొంభై ఏళ్ళవాడవుతాడు. చెరలో ఉన్న షెమయా అనే అతను కోపం పట్టలేక, ఇటువంటి ఉత్తరం వ్రాసినవాణ్ణి బొండలో, అంటే కాళ్ళు బిగించే కొయ్యలో, వేయించరేమని యెరూషలేములోని యాజకుడికి తిరిగి వ్రాశాడు. మన కార్డు మీది వాక్యం ఆ డెబ్బై ఏళ్ళ మాట పక్కనే, దానిని ఆనుకునే ఉంది.

ఆ వాక్యంలో ఇంకో విశేషం తెలుగు చదివేవారికి సులభంగా తెలుస్తుంది. దేవుడు ఒక్కరితో మాట్లాడితే మన బైబిలు "నీవు" అంటుంది. మొదటి అధ్యాయంలో యిర్మీయాను పిలిచినప్పుడు అంతా "నిన్ను", "నీవు" అనే ఉంటుంది. ఇక్కడ "మిమ్మును" అని ఉంది. అది మర్యాద కోసం అన్నది కాదు, చెరలో ఉన్న జనమంతటితో అన్నది; హెబ్రీలోనూ అది బహువచనమే. అంటే ఆ మాట ఇంకా పుట్టని మనవలకు కూడా వర్తిస్తుంది. మన ఇంటికి, ఆ సంవత్సరానికి అని కత్తిరించి కార్డు మీద వేసుకున్నది మనం.

హెబ్రీలో "షాలోం" అనే మాట ఉంది. తగాదా లేకపోవడం ఒక్కటే కాదు, ఒంట్లో, ఇంట్లో, ఊళ్ళో ఏ లోటూ లేకుండా ఉండడం దాని అర్థం. ఏడో వచనంలో "క్షేమము" అని ఉన్న మూడుచోట్లా హెబ్రీలో ఉన్నది ఆ మాటే. పదకొండో వచనంలో "సమాధానకరమైన ఉద్దేశములు" అన్నచోట ఉన్నదీ అదే. తెలుగులో రెండు వేర్వేరు మాటలు పడడం వల్ల ఆ ముడి మనకు కనిపించదు. పరాయి ఊరి షాలోం కోసం మీరు ప్రార్థించి పాటుపడండి, మీ షాలోం అందులోనే ఉంది అని చెప్పిన తరువాతనే, మీ గురించి నా ఆలోచనలు షాలోం ఆలోచనలే అని దేవుడు అన్నాడు.

చెరలో ఉన్నవాళ్ళు ఏడవలేదని కాదు. బబులోను మైదానంలో మన బందరు కాలువ, ఏలూరు కాలువల వలె ఎన్నో కాలువలు పారేవి. వాళ్ళలో ఒకడైన ప్రవక్త యెహెజ్కేలు దర్శనం చూసిన కెబారు కూడా అలాంటి కాలువే. ఆ నీటి ఒడ్డునే కూర్చుని సితారాలను చెట్లకు తగిలించి ఏడ్చామని 137వ కీర్తన చెబుతోంది. అదే జనం పొలాలు దున్నారని మట్టి పలకలు చెబుతున్నాయి. బబులోను దేశంలో "యూదా పట్టణం" అని పేరు పడిన ఒక ఊరిలో యూదులు యవలు పండించి, ఖర్జూరాలు కోసి, శిస్తులు కట్టి, అప్పులు వ్రాసుకున్న పలకలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతది క్రీ.పూ. 572 నాటిది. ఏడ్చినవారూ నాటినవారూ వేర్వేరు మనుషులు కారు.

చిట్టితల్లీ, నీ పుస్తకాల అట్టపెట్టె ఇంకా విప్పలేదని, ఎలాగూ విజయవాడ వెళ్ళిపోతాం కదా అని కొత్త బడిలో ఎవరితోనూ స్నేహం చేయడం లేదని అమ్మ చెప్పింది. గుంటూరు బబులోను కాదు, రైలెక్కితే గంటన్నరలో తాతయ్య ఇల్లు చేరవచ్చు; అయినా నీకు అది పరాయి ఊరే, నీ బెంగను నేను చిన్నది చేయను. బెంగ పెట్టుకుంటూనే పెట్టె విప్పు. మీ ఊళ్ళో ఉన్న కుగ్లర్ ఆసుపత్రి పేరు వినే ఉంటారు. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ ఆ ఊరి ఆడవాళ్ళకు, పసిపిల్లలకు వైద్యం చేస్తూ 1930లో అక్కడే కన్నుమూశారు. ఏడో వచనాన్ని బ్రతికి చూపించడమంటే నాకు ఆమే గుర్తుకు వస్తారు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. యెరూషలేముకు వచ్చిన చెర ప్రజల పాపానికి శిక్ష అని యిర్మీయా చెప్పాడు గనుక, సింగ్‌నగర్ వరద కూడా అలాంటిదేనని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తప్పు చేయకుండానే కష్టాలు పడిన యోబుతో అతని స్నేహితులు అలాగే మాట్లాడారు. చివరికి దేవుడు కోపపడింది వాళ్ళ మీదే, యోబు మీద కాదు.

ఇప్పుడు 32వ అధ్యాయం తీయండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, యిర్మీయా కావలిలో ఉన్నాడు. చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలం కొనమన్నాడు. శత్రువుల దండు తొక్కుతున్న నేల అది. అయినా యిర్మీయా పదిహేడు తులాల వెండి, అంటే ఇంచుమించు 200 గ్రాములు తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు చేయించి, ముద్ర వేసిన పత్రమూ ముద్ర లేని పత్రమూ రెండింటినీ బహుకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. మన ఇంటి దస్తావేజును బట్టలు ఆరేసే తాడుకు క్లిప్పులతో వేలాడదీసి, సంతకాలు అలుక్కుపోయాయేమోనని కళ్ళజోడు పెట్టుకుని చూస్తూ నిలబడినవాణ్ణి గనుక ఆ కుండ సంగతి నాకు బాగా అర్థమయింది.

వెండి ఇచ్చేసి, పత్రం దాచేసిన తరువాత యిర్మీయా ప్రార్థన మొదలుపెట్టాడు. దేవుని సృష్టిని, ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, చేసిన కార్యాలను వరుసగా తలచుకుని, చివరికి మనసులోది బయటపెట్టాడు: పట్టణం శత్రువుల చేతికి పోతూ ఉంటే పొలం కొనమన్నావేమిటి ప్రభువా? చూశావా తల్లీ, నీ కార్డు మీది వాక్యాన్ని వ్రాసిన చెయ్యే ఈ ప్రశ్న కూడా అడిగింది. మాట విన్న తరువాత కూడా అడిగింది. ఈ దేశంలో ఇళ్ళూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్ళీ కొనబడతాయని దేవుడు అన్నాడు. ఆ పొలంలో యిర్మీయా నాగలి పెట్టినట్టు ఎక్కడా లేదు. అతణ్ణి తనవాళ్ళే ఐగుప్తుకు తీసుకుపోయారు.

నీళ్ళు ఎందుకు వచ్చాయన్న నీ ప్రశ్నకు ఆ కార్డులో జవాబు లేదు. నీళ్ళు రావని కూడా ఆ కార్డులో లేదు.

నాన్నకు సెకండ్‌హ్యాండ్ మిషను ఒకటి చూసి ఉంచాను, మోటారు బాగానే తిరుగుతోంది, శనివారం వస్తే తీసుకువెళ్ళవచ్చు. నాయనమ్మ గోంగూర విత్తనాలు పొట్లం కట్టింది. మీ అద్దె ఇంటి డాబా మీద కుండీలు పెట్టుకోవచ్చునేమో ఇంటివాళ్ళను అడగండి. కార్డును నేను బీరువా మీద నుంచి తీయలేదు. దాని పైన, అదే అధ్యాయంలోని ఐదు నుంచి పది వరకు వచనాలను నా చేతివ్రాతతో వ్రాసి అంటించాను. ఈసారి వచ్చినప్పుడు నువ్వు వాటిని పైకి చదివి నాయనమ్మకు వినిపించాలి; ఆమెకు ఆ అక్షరాలు కనిపించడం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య