పాస్‌వర్డ్ పోయిన రోజున అడ్డం పడే తాళం

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీలో ఒకరు (పేరు చెప్పనులే) "అమ్మమ్మా, నా పాస్‌వర్డ్ ఎవరికీ దొరకదు, పాస్‌వర్డ్ కొట్టాక మళ్ళీ ఈ కోడ్ కూడా కొట్టే గోల నాకెందుకు?" అన్నారు. నేను జవాబు మొదలుపెట్టేలోపే ఫోన్ ఇంకొకరి చేతిలోకి వెళ్ళిపోయింది. ఆ జవాబే ఈ ఉత్తరం.

మీ పాస్‌వర్డ్‌ను దాచేది మీరొక్కరే కాదు. మీరు అకౌంట్ తెరిచిన ప్రతి చోటా దాని ఆనవాలు ఉంటుంది. వాళ్ళింట్లో దొంగలు పడితే మీరేం చేయగలరు? 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ఆ కంపెనీ వాటిని ఉన్నవి ఉన్నట్టే రాసిపెట్టుకుంది. వాటిలో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. నవ్వొస్తుంది కదా! కానీ బుర్ర బద్దలు కొట్టుకుని కష్టమైన పాస్‌వర్డ్ తయారుచేసుకున్నవాళ్ళవీ ఆ మూటలోనే పోయాయి. ఇలా దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను దొంగలు వేరే సైట్లలోనూ పెట్టి చూస్తారు. ఒకే పాస్‌వర్డ్ నాలుగు చోట్ల వాడేవాళ్ళు దొరికేది ఇక్కడే.

కాబట్టి పాస్‌వర్డ్ ఏదో ఒక రోజు పోతుందనే అనుకోండి. ఆ రోజున తలుపు తెరుచుకోకుండా పెట్టుకునేదే టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్. పేరు చూసి భయపడకండి, ఏటీఎంలో పెద్దవాళ్ళు చేసేది ఇదే. కార్డు దొరికినా పిన్ తెలియాలి, పిన్ తెలిసినా కార్డు ఉండాలి. ఒకటి మీకు తెలిసింది, ఇంకోటి మీ దగ్గరున్నది. వేలిముద్రో ముఖమో అయితే అది మీరే. రెండు పాస్‌వర్డ్‌లు పెట్టుకుంటే మాత్రం ఇది కాదు. రెండూ తెలిసినవే కాబట్టి ఒకటి రాబట్టినవాడు రెండోదీ రాబట్టగలడు.

ఇందులో నాకు భలే నచ్చేది ఆథెంటికేటర్ యాప్, అంటే పాస్‌వర్డ్ తర్వాత కొట్టాల్సిన కోడ్‌ను ఫోన్‌లోనే చూపించే యాప్. నెట్ ఆపేసి చూడండి, అంకెలు మారుతూనే ఉంటాయి. ఎవరు పంపుతున్నారు? ఎవరూ పంపడం లేదు. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు సైటు మీ ఫోన్‌కు ఒక రహస్య సంఖ్య ఇస్తుంది, తనూ ఒక కాపీ ఉంచుకుంటుంది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోనక్కర్లేదు. 1970 జనవరి 1 నుంచి ఇప్పటికి ఎన్ని 30 సెకన్ల ముక్కలు గడిచాయో ఫోన్ లెక్కేస్తుంది. ఆ సంఖ్యను రహస్యంతో కలిపి బాగా చిలికి, అందులోంచి 6 అంకెలు తీస్తుంది. అటువైపు సైటూ అదే పని చేస్తుంది. రెండూ సరిపోతే తలుపు తెరుస్తుంది. చిలికినదాన్ని వెనక్కి తిప్పి రహస్యం కనుక్కోవడం కుదరదు. ఫోన్ గడియారం బాగా తప్పితే కోడ్ కూడా తప్పిపోతుంది. అప్పుడు యాప్‌ను తిట్టుకోకుండా టైమ్ సెట్టింగ్ చూడండి. 6 అంకెలంటే పది లక్షల రకాలు. నాలుగైదు సార్లు తప్పు కొడితే సరైన సైటు ఏదైనా కాసేపు ఆగమంటుంది, ఈలోపు కోడ్ మారిపోతుంది.

మెసేజ్‌లో వచ్చే ఓటీపీ దీనికంటే బలహీనం. మీ నంబర్‌ను మాయమాటలతో తన సిమ్‌లోకి మార్చించుకున్నవాడికి మీ కోడ్‌లు కూడా వెళ్తాయి. 2019లో ట్విటర్ అధిపతి జాక్ డార్సీ నంబర్‌నే ఇలా లాక్కుని, ఆయన ఖాతాలోంచి పిచ్చిరాతలు రాశారు. అలాగని మెసేజ్ కోడ్‌ను తీసిపారేయకండి. అదే ఏడాది గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం, మెసేజ్ కోడ్ ఒక్కటే ప్రోగ్రాములు చేసే దాడులన్నిటినీ, గుంపు మీద వల విసిరే మోసాల్లో నూటికి 96నీ ఆపింది. ఒకే మనిషిని గురిపెట్టి చేసిన దాడుల్లో మాత్రం 76 శాతమే. యాప్ ఉంటే యాప్, లేకపోతే మెసేజ్. ఏదీ లేకుండా మాత్రం ఉండొద్దు.

ఇప్పుడు నాకు అసలు టెన్షన్ తెప్పించే సంగతి. తాళం ఎంత మంచిదైనా తాళంచెవి మీరే చేతిలో పెడితే ఏం లాభం? మీ ఫ్రెండ్ అకౌంట్ నుంచే మెసేజ్ వస్తుంది: "పొరపాటున నా కోడ్ నీకొచ్చింది, కాస్త చెప్పవా?" అది మీ ఫ్రెండ్ కాదు, ఆ కోడ్ వాళ్ళది కాదు. మీ వాట్సాప్‌ను వేరే ఫోన్‌లో తెరవడానికి వచ్చిన కోడ్ అది. కోడ్ ఉన్నది మీరు కొట్టడానికి, ఎవరికీ చెప్పడానికి కాదు. నేను అడిగినా చెప్పొద్దు. ఇంకో ఎత్తు కూడా ఉంది: "లాగిన్ అవుతున్నది మీరేనా?" అని ఫోన్ ఆగకుండా అడుగుతూ ఉంటుంది. 2022లో ఉబర్ కంపెనీలోకి ఇలాగే చొరబడ్డారు. వాళ్ళకు పనిచేసే ఒక మనిషి మొదట్లో కాదన్నాడు, మళ్ళీ మళ్ళీ వచ్చేసరికి ఒకసారి ఔననేశాడు. మీరు లాగిన్ కాకుండానే అలా అడిగిందంటే మీ పాస్‌వర్డ్ ఎవరికో దొరికి ఉండొచ్చన్నమాట. కాదని నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. ఈమధ్య పాస్‌వర్డ్‌కు బదులుగా వస్తున్న, ఫోన్‌లో దాగి ఉండే తాళంచెవుల్లాంటి పాస్‌కీలకు ఈ బెడద తక్కువ. నకిలీ పేజీ మిమ్మల్ని మోసం చేసినా, సైటు చిరునామా సరిపోకపోతే పాస్‌కీ పలకదు.

ఏ అకౌంట్‌తో మొదలుపెట్టాలని అడుగుతారేమో. ఆటల అకౌంట్ అంటారని తెలుసు, కానీ ఈమెయిల్‌తో మొదలుపెట్టండి. మిగతావాటి "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" లింకులన్నీ అక్కడికే వస్తాయి. 2012లో మ్యాట్ హోనన్ అనే అమెరికా విలేకరి అకౌంట్లను దొంగలు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతూ పట్టుకున్నారు. గంటలో ఆయన ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ తుడిచేశారు. అందులో పసికూతురి ఫోటోలున్నాయి. జీమెయిల్‌కు ఈ రెండో తాళం పెట్టుకుని ఉంటే బయటపడేవాడినేమోనని ఆయనే తర్వాత రాసుకున్నాడు.

నా సంగతీ చెప్తాను, నవ్వకండి. కొత్త ఫోన్ కొన్న సంబరంలో పాతది తుడిచేసి ఇచ్చేశాను. ఆథెంటికేటర్ యాప్ అందులోనే ఉండిపోయింది. రెండో తాళం నన్నే బయట నిలబెట్టింది! నేను నేనేనని నిరూపించుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. రెండో తాళం పెట్టిన రోజునే సైటు బ్యాకప్ కోడ్స్ ఇస్తుంది. గూగుల్ అయితే పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటి స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో పెట్టుకుంటే నా గతే పడుతుంది. కాగితం మీద రాసి దాచండి. ఫోన్ మార్చేటప్పుడు కొత్తదాంట్లో కోడ్ వస్తోందని చూసుకున్నాకే పాతది వదలండి.

నా కాగితం ఎక్కడుందో మీ అమ్మకు చెప్పాను. మీకు చెప్పను.

ప్రేమతో,
అమ్మమ్మ