అంగుళం వంతెన

బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో మెదడు మ్యూజియం ఉంది. గాజు జాడీల్లో వరసగా పెట్టిన మెదళ్ళు చూశాక, చేతులకు తొడుగులిచ్చి నిజమైన మెదడునే పట్టుకోనిస్తారు. పోయినసారి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. రెండు అరచేతులూ చాపి అందుకుని, "నాన్నా, ఇంత బరువుందేంటి!" అంది. అందరి చూపూ పైనున్న ముడతల మీదే ఉంటుంది. నాకు మాత్రం దాన్ని తిరగేసి అడుగు చూస్తేగానీ తృప్తి ఉండదు.

అడుగున, వెన్నుపాము వైపు దిగే కాండం మధ్యలో, ఒక ఉబ్బు కనిపిస్తుంది. పొడవు రెండున్నర సెంటీమీటర్లు, అంటే అంగుళం. దాని మీద నూలుపోగులు పక్కపక్కనే పరిచినట్టు అడ్డంగా సన్నటి చారలు. నడిమధ్యన నిలువుగా ఒక గాడి, ఆ గాడి వెంట బేసిలార్ ధమని. పైన మధ్యమెదడు, కింద మజ్జాముఖం, వెనక చిన్నమెదడు. ఈ ఉబ్బు పేరు పాన్స్. లాటిన్‌లో వంతెన అని అర్థం.

ఆ పేరు పెట్టింది ఇటలీలోని బొలోన్యాలో శరీరశాస్త్రం చెప్పిన కోస్టాంజో వారోలియో. ఆ రోజుల్లో మెదడును పుర్రెలోనే ఉంచి పైనుంచి పొరలు పొరలుగా కోసేవారు. అలా కోస్తూ అడుగుకు వచ్చేసరికి అంతా నలిగిపోయేది. వారోలియో మెదడును బయటికి తీసి, తలకిందులు చేసి, అడుగు నుంచి మొదలుపెట్టాడు. 1573లో ఆ వివరాలు అచ్చయ్యాయి. 1575లో, ముప్పై రెండేళ్ళకే, ఆయన పోయాడు. చిన్నమెదడు రెండు చేతులూ కాండం మీదుగా కలుసుకోవడం చూసి, కాలువ మీద వంతెన గుర్తొచ్చింది ఆయనకు.

పోలిక అందమైనదే, కానీ సగమే నిజం. ఆ అడ్డ చారలు చిన్నమెదడు ఒక సగం నుంచి రెండో సగానికి వెళ్ళేవి కావు. పాన్స్ లోపలే ఉన్న నాడీకణాల గుంపుల్లో పుట్టి, మధ్యగీత దాటి, అవతలి వైపు చిన్నమెదడులోకి పోతాయి. ఆ గుంపులకు కబురు పైనుంచి, పెద్దమెదడు నుంచి వస్తుంది. వాటి సందుల్లోంచే కాళ్ళూ చేతులూ కదిలించే పోగులు నిలువుగా వెన్నుపాముకు దిగుతాయి. నన్నడిగితే దీన్ని మన బెంగళూరు రాగిగుడ్డ డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్‌తో పోలుస్తాను: పైన మెట్రో, కింద ఫ్లైఓవర్, నేల మీద రోడ్డు.

కాఫీ గ్లాసు ఎత్తాలనుకున్నారనుకోండి. ఆ ఆజ్ఞ వెన్నుపాముకు పోతుంది, దాని నకలొకటి పాన్స్ మీదుగా చిన్నమెదడుకూ పోతుంది. చెయ్యి ఎంత దూరం, ఎంత వేగంతో పోవాలో చిన్నమెదడు సరిచూసుకుంటుంది. వెన్నుపాముకు దిగే పోగులు ఒక్కో వైపు సుమారు 10 లక్షలు. పాన్స్‌కు వచ్చేవి దాదాపు 2 కోట్లు. కాఫీ ఒలక్కుండా నోటిదాకా రావడం వెనక ఇంత యంత్రాంగం ఉందని తెలిసిన దగ్గర్నుంచి, గ్లాసు ఎత్తినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడులను కపాలనాడులంటారు, వాటికి వరస నంబర్లుంటాయి. ముఖస్పర్శను మోసే ఐదో కపాలనాడి పాన్స్ పక్క నుంచి బయటికొస్తుంది. ఆరు, ఏడు, ఎనిమిది దాని కింది అంచున. వీటిలో ఏడోది, ముఖకండరాల నాడి, తిన్నగా బయటికి రాదు. ముందు వెనక్కి వెళ్ళి, కన్నును బయటికి తిప్పే ఆరో నాడి పుట్టే కణాల గుంపు చుట్టూ, ధ్వజస్తంభానికి ప్రదక్షిణ చేసినట్టు తిరిగి, అప్పుడు ముందుకొస్తుంది. అందుకే అక్కడ చిన్న దెబ్బ తగిలినా, కన్ను బయటికి తిరగకపోవడమూ అదే వైపు మూతి వంకరపోవడమూ ఒకేసారి కనిపిస్తాయి.

పాన్స్ పైభాగాన్ని కోస్తే వెనక వైపు నీలిరంగు మచ్చ ఒకటి కనబడుతుంది. అప్రమత్తతను కాచే నోరడ్రినలిన్ అనే రసాయనం మెదడంతటికీ చాలావరకు ఇక్కడినుంచే వెళుతుంది. కలలొచ్చే నిద్రలో ఒళ్ళు కదలకుండా కట్టేసేదీ పాన్సే.

బేసిలార్ ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడి పాన్స్ ముందు భాగం చనిపోతే, నాకు అన్నిటికన్నా భయం కలిగించే స్థితి వస్తుంది. దిగే పోగులన్నీ తెగుతాయి. కాళ్ళూ చేతులూ ఆడవు, మాట రాదు, మింగుడు పడదు. చూసేవాళ్ళు స్పృహ లేదనుకుంటారు. కానీ మెలకువను నిలిపే భాగం వెనకాల, పైన ఉంది. అది బాగానే ఉంటుంది. వినిపిస్తుంది, అర్థమవుతుంది, బాధ తెలుస్తుంది. ప్లమ్, పోస్నర్ అనే వైద్యులు 1966లో దీన్ని లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అన్నారు. చూపును పక్కలకు తిప్పే ఏర్పాటు పాన్స్‌లోనే ఉంది కనుక అదీ పోతుంది. పైకీ కిందికీ తిప్పేది, రెప్పను ఎత్తేది మధ్యమెదడులో ఉన్నాయి కనుక మిగులుతాయి. అందుకే తెలిసిన డాక్టరు మంచం పక్కన వంగి, కుడికీ ఎడమకీ చూడమని అడగరు. "పెద్దాయనా, నా మాట వినబడితే పైకి చూడండి" అంటారు.