కాలువ మూసి చూస్తే: మెదడు పటాలూ సాగు సమాచారమూ

జనగామ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని పంపిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. తెలంగాణ రైతుల సాగు సమాచారాన్ని పంచుకోవడానికి 2023 ఆగస్టులో మొదలైన ఆడెక్స్ వేదికలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ భాగస్వామి. మనిషి మెదడులోని నరాల దారులను వడపోసే ఒక వేగవంతమైన గణన పద్ధతి కూడా 2022లో అదే సంస్థ నుంచి వెలువడింది. ఈ రెండింటికీ శాస్త్రపరంగా సంబంధం ఏమైనా ఉందా, లేక ఒకే ప్రాంగణంలో పుట్టడమే సంబంధమా అని ఆమె అడిగారు.

ఆ పనులు చేసిన బృందాలు వేరు, వాడిన పరికరాలు వేరు. అయినా ఆ ప్రశ్నను తేలికగా తీసివేయలేము. కంటికి కనబడని బంధాన్ని దూరం నుంచి అంచనా వేయవలసి వచ్చినప్పుడు, ఆ బంధం నిజంగా ఉన్నదా, మన లెక్క కల్పించినదా అని ఎలా తేల్చుకోవాలన్న సమస్య రెండుచోట్లా ఒకటే. మెదడు పరిశోధకులు దీనికి ఒక చక్కని పరీక్షను కనిపెట్టారు. సాగు సమాచారానికి ఆ పరీక్ష ఎందుకు అవసరమో చెప్పాలంటే ముందు మెదడు దగ్గర కొంతసేపు ఆగాలి.

మన పాఠ్యపుస్తకాలు మెదడు బొమ్మ వేసి భాగాల పేర్లు రాయిస్తాయి; ఆ భాగాలను కలిపే తెల్ల పదార్థానికి మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి. ఏ భాగం ఎక్కడుందో తెలిసిన విద్యార్థికి ఏ భాగం దేనితో కలిసి పనిచేస్తుందో తెలియకపోవడం బోధనలో పెద్ద లోటని నా అభిప్రాయం. సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్న మెదడులో దూరపు భాగాల మధ్య సంకేతాలను మోసే పొడవాటి తంతువులు ఆ తెల్ల పదార్థంలోనే ఉన్నాయి. ఒక్కో తంతువు మందం దాదాపు ఒక మైక్రోమీటరు. ఎంఆర్ఐ చిత్రంలోని ఒక్కో చిన్న ఘనం, అంటే వాక్సెల్, ఒకటి రెండు మిల్లీమీటర్ల పక్కలతో ఉంటుంది కాబట్టి, ఒక్క వాక్సెల్లోనే లక్షల తంతువులు ఇమిడిపోతాయి. వాటిని విడివిడిగా చూడటం అసాధ్యం.

అందుకే పరిశోధకులు తంతువును వదిలి అందులోని నీటిని చూస్తారు. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఆటంకం లేని నీటి అణువు 50 మిల్లీసెకన్లలో ఒక దిశలో సగటున 17 మైక్రోమీటర్ల దూరం జరుగుతుంది. నరాల కట్టలో ఆ అణువు తంతువు వెంట సులభంగా, అడ్డంగా కష్టంగా కదులుతుంది. పక్కలనున్న పొరలు దాన్ని ఆపుతాయి. యంత్రంలో మొదట ఒక అయస్కాంత వాలు స్పందనను, అంటే చోటును బట్టి బలం మారే అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిసేపు ఇస్తే, నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు అవి ఉన్న చోటును బట్టి వేర్వేరు ఫేజులు, అంటే తమ తిరుగుడులో వేర్వేరు దశలు, పొందుతాయి. కొద్దిసేపటికి ఇచ్చే రెండో స్పందన ఆ ఫేజును సరిగ్గా చెరిపివేయాలి. కదలని కేంద్రకానికి అలాగే చెరిగిపోతుంది, కదిలినదానికి కొంత మిగిలిపోతుంది. ఇలా మిగిలిన ఫేజులన్నీ ఒకదానికొకటి పొంతన లేకుండా కలిసినప్పుడు సంకేతం బలహీనపడుతుంది. 1965లో స్టెజ్స్కల్, టానర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపిన పద్ధతి ఇది. వాలు దిశను మార్చుతూ పదుల సార్లు కొలిస్తే, ఏ దిశలో సంకేతం ఎక్కువ పడిపోయిందో ఆ దిశలోనే తంతువులు సాగుతున్నాయని అర్థం. మనిషి తల మీద కత్తిగాటు పెట్టకుండా, నీటి అణువు వేసే అడుగులను బట్టి నరాల దిశను పట్టుకోగలగడం నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం.

అయితే దొరికినవి దిశలే, దారులు కావు. ఈ తేడాను వరంగల్ ప్రాంతం వారికి చెప్పడానికి గొలుసుకట్టు చెరువులకు మించిన పోలిక లేదు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది; తూముల నుంచి కాలువలకు, కాలువల నుంచి మడులకు పారుతుంది. ఇప్పుడు చెరువు కట్టలు కనిపించవనీ, ఏ కాలువ వెంటా మొదటి నుంచి చివరిదాకా నడిచే వీలు లేదనీ అనుకోండి. ఆయకట్టునంతా సమానమైన గళ్లుగా కోసి, ఒక్కో గడిలో నీటి బాట తూర్పు పడమరలుగా ఉన్నదా, ఉత్తర దక్షిణాలుగా ఉన్నదా అన్నది మాత్రమే మీకు చెబుతారు. అది తూర్పు నుంచి పడమరకు పారుతోందా, పడమర నుంచి తూర్పుకా అన్నది కూడా చెప్పరు, ఎందుకంటే మెదడు చిత్రం కూడా సంకేతం ఎటు నుంచి ఎటు పోతున్నదో చెప్పదు. ఈ కాస్త ఆధారంతో ఏ మడికి ఏ చెరువు నీరు వస్తోందో మీరు గీయాలి. ఒక గడిలోని గీతను పక్క గడిలోని గీతకు కలుపుకుంటూ పోతారు. ఒక కాలువ మీదుగా మరో కాలువ దాటిపోయే గడి వచ్చేసరికి మాత్రం ఏ గీతను దేనికి కలపాలో తెలియదు. మెదడులో సగానికి పైగా తెల్ల పదార్థపు గళ్లు ఇలాంటివే. ఒక గడిలో చిన్న తప్పు జరిగితే అక్కడి నుంచి గీత మొత్తం మరో చెరువుకు చేరిపోతుంది, పైగా చూడటానికి ఎంతో సహజంగా కనిపిస్తుంది.

2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఇది బయటపడింది. సరైన సమాధానం ముందే తెలిసిన కృత్రిమ మెదడు చిత్రాన్ని 20 పరిశోధన బృందాలకు ఇస్తే 96 పటాలు వచ్చాయి. ఉన్న నరాల కట్టలలో అత్యధికం వాటిలో కొంతైనా దొరికాయి. కానీ లేని కట్టలు ఉన్నవాటికంటే ఎక్కువగా పుట్టుకొచ్చాయి.

ఇలాంటి తప్పులను ఏరివేసే లెక్క అంతకు ముందే వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంకో పెస్టిలి, ఆయన సహచరులు 2014లో ప్రకటించిన లైఫ్ పద్ధతి గీతలను గీయడంతో ఆగదు, వెనక్కి నడుస్తుంది. ఈ కాలువలన్నీ నిజమే అయితే ఒక్కో గడిలో నీటి కదలిక ఎలా కనిపించాలో లెక్కగట్టి, యంత్రం నిజంగా కొలిచినదానితో పోలుస్తుంది. ఊహించిన ప్రతి తంతువుకూ సున్నా లేదా అంతకంటే ఎక్కువైన ఒక భారాన్ని ఇచ్చి, లెక్కకూ కొలతకూ మధ్య తేడాల వర్గాల (స్క్వేర్ల) మొత్తం కనిష్ఠమయ్యే వరకూ ఆ భారాలను సవరిస్తుంది. భారం సున్నాకు పడిపోయిన తంతువును పటం నుంచి తీసివేస్తారు. రెండు లక్షల వాక్సెళ్లు, ఒక్కోదానికి 90 దిశల కొలతలు అనుకుంటే సమీకరణాలు 1.8 కోట్లు; తెలియని రాశులు పది లక్షలకు పైనే. గంటలు, ఒక్కోసారి రోజులు పట్టే ఈ పనిని, భారతీయ విజ్ఞాన సంస్థలో దేవరాజన్ శ్రీధరన్ నాయకత్వంలోని బృందం, ఎన్నో లెక్కలను ఒకేసారి చేసే గ్రాఫిక్స్ ప్రాసెసర్ల మీదికి మార్చి, అవసరం లేని భారాలను ఇంకా గట్టిగా సున్నా వైపు నెట్టే ఒక నిబంధనను జోడించింది. రియల్-లైఫ్ అనే ఈ పద్ధతి పాతదానికంటే 150 రెట్లకు పైగా వేగాన్ని సాధించింది. పటంలో మిగిలే తంతువులు తగ్గాయి, వాటి మీద నమ్మకం పెరిగింది. ఇదే పద్ధతి తొలి రూపంతో 2019లో, 45 మంది అల్జీమర్స్ రోగులను 45 మంది ఆరోగ్యవంతుల నుంచి, కేవలం వారి నరాల అనుసంధానాన్ని బట్టి 80 శాతానికి పైగా కచ్చితత్వంతో వేరుచేయగలిగారు. మతిమరుపు ముదిరిన పెద్దలకు గాలి సోకిందనీ, బాణామతి జరిగిందనీ ఊళ్లలో ఇంకా చెప్పుకుంటున్న చోట ఈ సంగతి పదిమందికీ తెలియాలి: ఆ మార్పు మెదడు తంతువుల్లో కొలవగలిగినది, దానికి ఇరుగుపొరుగు ఎవరూ కారకులు కారు.

ఇక నేను మొదట చెప్పిన పరీక్ష. తన ఆయకట్టులో ఏ మడికి ఏ తూము నీరు అందుతోందో సందేహం వచ్చిన నీరటి, అంటే చెరువు నీటిని పొలాలకు పంచే మనిషి, ఏం చేస్తాడు? తూము మూసి, ఏ మడి ఎండుతోందో చూస్తాడు. పెస్టిలి బృందం సరిగ్గా ఇదే చేసింది. ఒక నరాల కట్టను లెక్కలోంచి తీసివేసి, అది పోయే వాక్సెళ్లలో అంచనా ఎంత చెడిందో కొలిచింది. మిగిలిన తంతువులకు కొత్తగా భారాలిచ్చిన తర్వాత కూడా తప్పు గణనీయంగా పెరిగితే ఆ కట్టకు కొలతల మద్దతు ఉన్నట్టు, పెరగకపోతే లేనట్టు. పైగా భారాలను ఒకసారి తీసిన కొలతలతో తేల్చి, తప్పును విడిగా తీసిన మరో కొలతతో చూడాలి. లేకపోతే లెక్క తన తప్పును తానే సమర్థించుకుంటుంది.

సాగు సమాచారానికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. నగరాల సమాచారం కోసం భారతీయ విజ్ఞాన సంస్థలో రూపొందిన వేదిక పునాదిగా వచ్చిన ఆడెక్స్ కొత్త చెరువు కాదు, చెరువుల మధ్య కాలువ. భూసారం, వాతావరణం, మార్కెట్ ధరల వివరాలు వాటిని సేకరించినవారి దగ్గరే ఉంటాయి. ఏ వివరం ఎక్కడుందో చెప్పే ఒక జాబితా, అడిగినవారి అర్హతను చూసి అనుమతి టోకెన్ ఇచ్చే ఒక సర్వరు ఉంటాయి. వ్యక్తిగత వివరాలైతే తూము తలుపు రైతు సమ్మతి. మొదటి దశకు ఖమ్మం జిల్లాను ఎంచుకున్నారు.

సాంకేతికంగా ఇది బాగున్నది. అయితే కాలువ తవ్వినంత మాత్రాన నీరు సరైన మడికి చేరుతుందని కాదు. 2015లో మొదలైన భూసార పత్రాల పథకంలో నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు, వర్షాధారంలో 10 హెక్టార్లకు ఒక మట్టి నమూనా తీస్తారు. ఇది కూడా ఒక వాక్సెలే. మన జిల్లాల్లో ఆ 10 హెక్టార్లలో ఒక మూల ఎర్ర చల్క, మరో మూల నల్లరేగడి ఉండటం మామూలే. ఆ ఒక్క సంఖ్యను పట్టాదారు పాసుపుస్తకానికీ, దాన్ని మండలపు వర్షపాతానికీ, దాన్ని వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధరకూ కలుపుకుంటూ పోతే, మెదడు పటంలో జరిగినట్టే ప్రతి అతుకూ సహజంగా కనిపిస్తూనే చివరకు లేని బంధాన్ని చూపించవచ్చు. 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చివేసినప్పుడు రైతుకు కావలసింది తన చేనికి వర్తించే సలహా. ఎక్కడో సగటుకు సరిపోయే సలహా కాదు.

కాబట్టి వరంగల్, మహబూబాబాద్ జిల్లాల మిరప చేలలో దిగుబడి అంచనా కట్టే ఏ లెక్కనైనా, దానిలో వాడిన ఒక్కో వివరాన్నీ వంతులవారీగా తీసివేసి, ముందు చూడని చేల మీద అంచనా ఎంత చెడుతుందో ప్రకటించాలని నేను కోరుతున్నాను. వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట ఒకటి రెండు పంటకాలాల్లో చేయగలిగిన పని ఇది. దీనికి మరో ప్రయోజనం కూడా ఉంది. 2023 ఆగస్టులోనే ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి అనేది చెప్పిన అవసరానికి కావలసినంత సమాచారానికే వర్తిస్తుందని అంటుంది. కావలసినంత అంటే ఎంత అన్నది చట్టం కొలిచి చెప్పలేదు, ఈ పరీక్ష చెప్పగలదు. రైతు అప్పు వివరాలను తీసివేసినా చీడ హెచ్చరిక మారకపోతే, ఆ హెచ్చరిక కోసం అప్పు వివరాలు అడిగే హక్కు ఎవరికీ ఉండదు.