రెండు సెంటీమీటర్ల వదులు

ఈ వ్యాసానికి కారణం మా మేనత్త. రాజోలు దగ్గర వాళ్ల పెరట్లో కొబ్బరి చెట్టుకీ గోడకి కొట్టిన మేకుకీ మధ్య నైలాన్ దండెం ఉంది. సుమారు పది మీటర్లు. మొన్న వానల్లో చెట్టు వైపు ముడి కాస్త జారింది. పాత ముడి మెలిక గుర్తు తాడు మీద అలాగే ఉంది కాబట్టి ఎంత జారిందో కొలవొచ్చు. బొటనవేలి వెడల్పంత, రెండు సెంటీమీటర్లు. ఉతికిన దుప్పటి మధ్యలో ఆరేస్తే అంచు వెళ్లి బురదలో పడింది.

"ఏరా, ఇంజనీరువి కదా! బొటనవేలంత జారితే జానెడున్నర దిగిందేంట్రా ఇది?" అంది.

లెక్క చిన్నదే. మధ్యలో బరువు పడితే దండెం రెండు సమాన ముక్కలుగా వంగుతుంది. ఒక సగాన్ని చూస్తే లంబకోణ త్రిభుజం. భూమి 5 మీటర్లు, కర్ణం 5.01. కర్ణం వర్గం 25.1001, అందులోంచి 25 పోతే 0.1001, దాని వర్గమూలం 0.316. అంటే దాదాపు 32 సెంటీమీటర్లు. అత్తయ్య కళ్లతో కొలిచిన జానెడున్నర సరిగ్గా సరిపోయింది. కానీ ముందే అడిగి ఉంటే నేను కూడా 'మహా అయితే నాలుగు వేళ్లు దిగుతుంది' అనేవాణ్ని.

ఎందుకంటే మన బుర్ర త్రైరాశికం మీద పెరిగింది. వంద కాయలకి ఇంతయితే వెయ్యి కాయలకి ఎంత? మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కాలం నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా, మనకి లెక్కంటే ముందు గుర్తొచ్చేది అదే. సంతలో అది ఎప్పుడూ మోసం చెయ్యదు. దండెం దగ్గరే చేసింది.

పైథాగరస్ జవాబు చెప్పాడు గానీ కారణం చెప్పలేదు. నాకు ఇష్టమైన కారణం వేరే ఉంది. దానికి త్రిభుజం అక్కర్లేదు, కాగితం కూడా అక్కర్లేదు.

బిర్రుగా, తిన్నగా ఉన్న తాడుని ఊహించండి. మధ్యలో పట్టుకుని ఒక అంగుళం కిందికి లాగితే ఎంత అదనపు తాడు కావాలి? ఎంతో మనకి తెలియదు, ఏదో కొంత. ఇప్పుడు అదే అంగుళం పైకి లాగండి. అంతే తాడు కావాలి కదా! తాడుకి పైనా కిందా తేడా ఏముంది? ఇక్కడే ఉంది కిటుకు. అదనపు పొడవు త్రైరాశికంలో పెరిగేదే అయితే, కిందికి లాగినప్పుడు పెరిగిన పొడవు పైకి లాగినప్పుడు తరగాలి. ప్లస్ మైనస్ అవ్వాలి. అలా జరగదు కాబట్టి ఆ లెక్కలో మొదటి ఘాతం ఉండటానికి వీల్లేదు. గుర్తు మారినా విలువ మారనిది రెండో ఘాతం, అంటే వర్గం. తాడు మధ్యలో మెలిక పడి విరిగి ఉంటే ఈ వాదం నిలవదు. మార్పు నునుపుగా జరగాలన్న షరతు ఉంది. ఆ షరతుతో, ఒక్క కొలత కూడా తియ్యకుండా, తిన్నటి తాడు దగ్గర పొడవు కుంగుకి వర్గంగా మారాలని తర్కమే చెప్పేసింది. తిరగేస్తే, కుంగు వదులుకి వర్గమూలంగా మారాలి. మా కాలేజీలో ఇదే విషయాన్ని టేలర్ శ్రేణి పేరుతో బోర్డు నిండా రాసి పరీక్షకి బట్టీ పట్టించారు. ఎవరూ దండెం ఊసెత్తలేదు.

వర్గమూలం స్వభావం ఏమిటంటే మొదట్లో పరుగు, తర్వాత నడక. రెండు సెంటీమీటర్ల వదులుకి 32 దిగిన దండెం, నాలుగుకి 45, ఎనిమిదికి 63 దిగుతుంది. మొదటి బొటనవేలే అసలు దెబ్బ.

ఇదే సంగతి పొలం గట్టు మీద తిరగబడుతుంది. పాత సర్వే గొలుసు 66 అడుగులు. ఒక గొలుసు చదరం అంటే పది సెంట్లు. కొలిచేటప్పుడు గొలుసు మధ్యలో అడుగు కుంగితే 'వదులుగా పట్టి నా గట్టు తినేశాడు' అని గొడవ పెట్టుకునేవాళ్లని చిన్నప్పుడు చూశాను. అడుగు కుంగు వల్ల వచ్చే తేడా అర అంగుళం. కంటికి కుంగు కనిపిస్తుంది, తేడా కనిపించదు.

డిసెంబరు 21 ప్రాంతంలో పగళ్లు గమనించండి. మన డెల్టాలో ఆ రోజుకి పది రోజులు ముందైనా తర్వాతైనా పగటి పొడవులో తేడా ఒక నిమిషం. అదే మార్చి 21 దగ్గర పది రోజులకి తొమ్మిది నిమిషాలు. డిసెంబరులో పొద్దు తగ్గడం ఆగి పెరగడం మొదలవుతుంది. అటూ ఇటూ ఒకటే. అంటే అదీ దండెమే. మార్చిలో ఒకవైపు తక్కువ, ఇంకోవైపు ఎక్కువ, కాబట్టి అక్కడ త్రైరాశికం పనిచేస్తుంది.

అంతర్వేది ఒడ్డున నీళ్ల అంచులో నిలబడండి. భూమి వంపు ముందుకైనా వెనక్కైనా ఒకేలా కిందికి దిగుతుంది, కాబట్టి అక్కడా వర్గమే. కన్ను 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే సముద్రం 4.4 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. ఒడ్డునే ఉన్న కొబ్బరి చెట్టెక్కి దింపు తీసేవాడి కన్ను 24 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఎత్తు పదహారు రెట్లు, చూపు నాలుగు రెట్లే: పదిహేడున్నర కిలోమీటర్లు. తాడుకీ సూర్యుడికీ సముద్రానికీ చుట్టరికం ఏమిటని నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వాటిలో ఉన్న పదార్థాలు వేరు, బలాలు వేరు. అటూ ఇటూ ఒకేలా ఉండటం అనే ఒక్క గుణం మాత్రం ఒకటే, ఆ గుణానికి తగిన లెక్క కూడా ఒకటే.

ఇంతలో మావయ్య దండెం బిగించాడు. చెట్టుకి కాలు తన్నిపెట్టి, వీణ తీగలా మోగేంత బిర్రుగా. తడి దుప్పటి ఐదు కిలోలు ఉంటుంది. వెయ్యగానే మేకు గోడలోంచి ఊడొచ్చింది. మంగళవారం పూట మేకు కొడితే ఇంతేనంది పక్కింటావిడ. ఏ వారం కొట్టినా లాగుడు అంతే. తాడు పిసరంత లొంగితే దుప్పటి జానెడు దిగుతుంది. అంటే దుప్పటి చేతిలో పొడవాటి గునపం ఉన్నట్టే. ఐదు కిలోల బరువుకి పది మీటర్ల తాడు మధ్యలో పది సెంటీమీటర్లే కుంగాలంటే తాడు 125 కిలోల బరువంత లాగాలి. ఐదు సెంటీమీటర్లే కుంగాలంటే 250. అసలు కుంగనే కూడదంటే ఏ మేకూ చాలదు.

మేకు పక్కనే ఇంకో చోట కొట్టి, తాడు మళ్లీ ఆ రెండు సెంటీమీటర్ల వదులుతోనే కట్టారు. నేను అరుగు మీద కూర్చుని ఈ అంకెలు వేస్తుండగా అత్తయ్య దొడ్లోంచి పంగల కర్ర తెచ్చి, దండెం మధ్యలో పంగకి తగిలించి, తాడు బిగిసేదాకా పైకి ఎత్తి నిలబెట్టింది. టేపు తీసి కొలిచాను. పంగ మేకు ఎత్తు కన్నా పైకి ముప్పై పైచిలుకు సెంటీమీటర్లు లేచింది. నిన్న దుప్పటితో కిందికి దిగినంతే.