రెండు పనులు తెలిసిన చేతులు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వచ్చినప్పుడు, "అందరికీ అన్ని పనులూ నేర్పేస్తే ఫ్యాక్టరీకి లాభమే కదా తాతయ్యా?" అని అడిగారు. అవునన్నాను. ఆ జవాబు సరైంది కాదు, అందుకే ఈ ఉత్తరం.

1936లో టి.పి. రైట్ అనే అమెరికా ఇంజనీరు విమానాల తయారీ లెక్కల్లో ఒక వరస చూశాడు. తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, ఒక్కోదానికి పట్టే సగటు శ్రమ 80 శాతానికి దిగుతోంది. మొదటిదానికి 100 గంటలు పడితే రెండింటి సగటు 80, నాలుగింటి సగటు 64, ఎనిమిదింటి సగటు 51. లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్ మీద, కొత్తగా నిలబడ్డ కుర్రాడూ అంతే. మొదట్లో జాబ్ (చెక్కాల్సిన ముక్క) బిగించి సెంటర్ చూసుకోవడానికే ఆపసోపాలు పడతాడు. నెల తిరిగేసరికి ఆ పని చెయ్యే చూసుకుంటుంది.

కానీ ఆ వరసలో మరుపు లేదు. బాలానగర్‌లో షిఫ్టు చూసే రోజుల్లో, ఎవరు సెలవు పెట్టినా పని ఆగకూడదని, నలుగురు కుర్రాళ్లని లేత్, మిల్లింగ్, డ్రిల్లింగ్, గ్రైండింగ్ మీద వారానికొకటి చొప్పున తిప్పాను. మూడు వారాల తర్వాత లేత్‌కి తిరిగొచ్చినవాడు మళ్లీ తడుముకున్నాడు. రిజెక్టులు పెరిగాయి. వాళ్లలో మంచి పనివాడొకడు "నాకేదీ రావట్లేదు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తప్పు వాడిది కాదు. నేర్చుకునేది కలిపాను గానీ మరిచేది తీసివేయలేదు నేను. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఈ మరుపును కూడా లెక్కలోకి తెచ్చే పద్ధతులు ఇప్పుడున్నాయి. ఒక మనిషి ఒక పనిని ఎంత త్వరగా పట్టుకుంటాడు, చివరికి ఏ వేగం దగ్గర నిలుస్తాడు, వదిలేస్తే ఎంత త్వరగా మరుస్తాడు, ఇవన్నీ మనిషికీ పనికీ విడివిడిగా చూస్తారు. అందరికీ ఒకే సగటు వేస్తే నాలాగే మోసపోతారు.

మరి ఎన్ని పనులు నేర్పాలి? లేత్ వాడికి మిల్లింగ్, మిల్లింగ్ వాడికి డ్రిల్లింగ్, డ్రిల్లింగ్ వాడికి గ్రైండింగ్, గ్రైండింగ్ వాడికి మళ్లీ లేత్. తలా రెండే. లేత్ దగ్గర పని పేరుకుంటే గ్రైండింగ్ వాడు అటు వెళ్తాడు, వాడి మిషన్‌కి డ్రిల్లింగ్ వాడు సాయమొస్తాడు. 1995లో జోర్డాన్, గ్రేవ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఏ ప్లాంటులో ఏ కారు చేయాలన్నదాని మీద ఇలాంటి గొలుసునే లెక్కకట్టారు. ప్రతి ప్లాంటూ అన్ని కార్లూ చేయగలిగితే వచ్చే లాభంలో చాలా భాగం దీనితోనే దక్కుతుందని తేల్చారు. తర్వాత దాన్ని మనుషుల పనులకూ అన్వయించారు.

దసరాకి వచ్చినప్పుడు నలుగురూ నాలుగు మిషన్ల దగ్గర ఉన్నట్టు గుండ్రంగా కూర్చోండి. ఒకరు సెలవు పెడితే పని ఎటు నుంచి ఎటు జరుగుతుందో అగ్గిపుల్లలతో వేసి చూద్దాం.

ప్రేమతో,
తాతయ్య