ఆరు కంపెనీల జీతాలు ఒకే ఏసీహెచ్ ఫైలులో: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీలకు పేరోల్ చేయడం నా పని. నా క్లయింట్లలో చాలామందికి ఒక్కో మోటెల్‌కు, ఒక్కో గ్యాస్ స్టేషన్‌కు ఒక్కో ఎల్ఎల్‌సీ (విడి కంపెనీ) ఉంటుంది. యజమాని ఒక్కరే, బ్యాంకూ ఒక్కటే. అయినా రెండు వారాలకోసారి కంపెనీకో ఏసీహెచ్ ఫైలు (జీతాలు ఉద్యోగుల ఖాతాల్లో వేయమని బ్యాంకుకు పంపే కంప్యూటర్ ఫైలు) పంపి, ప్రతి ఫైలుకూ ఫీజు కడుతుంటారు. ఆరు కంపెనీలైతే ఏడాదికి 156 ఫైళ్లు. కలిపితే 26 చాలు.

అపోహ: ఫైలు కలిపితే కంపెనీలు కలిసిపోయినట్టే.

కాదు. ఒక ఏసీహెచ్ ఫైలులో ఎన్నో బ్యాచ్‌లు, అంటే ఎంట్రీల గుంపులు ఉండొచ్చు. ఒక్కో ఉద్యోగి చెల్లింపు ఒక్కో ఎంట్రీ. ప్రతి బ్యాచ్ హెడర్‌లో (మొదటి లైనులో) ఆ కంపెనీ పేరు, పది అక్షరాల కంపెనీ ఐడీ ఉంటాయి. ఉద్యోగి స్టేట్‌మెంట్‌లో తన కంపెనీ పేరే కనిపిస్తుంది. 941 ఫారాలు (మూడు నెలలకోసారి వేసే జీతాల పన్ను రిటర్నులు), డబ్ల్యూ-2లు (ఉద్యోగికిచ్చే ఏడాది జీతం, పన్నుల పత్రాలు) ఏ ఈఐఎన్‌వి (కంపెనీ పన్ను నంబరు) ఆ ఈఐఎన్‌కే. కాకపోతే బ్యాంకుతో ఒప్పందంలో అన్ని కంపెనీల ఐడీలనూ ముందే చేర్పించాలి.

అపోహ: డబ్బంతా ఒకే ఖాతాలోంచి పోవాలి.

అవసరం లేదు. ఏ కంపెనీ జీతాలు ఆ కంపెనీ ఖాతా నుంచే పోయేలా బ్యాంకుతో సెట్ చేయించుకోండి. "ఈసారికి ఈ ఖాతాలోంచి కట్టేద్దాం, తర్వాత సర్దుకుందాం" అంటే నేను ఒప్పుకోను. ఏడాది చివర ఆ బాకీల లెక్క తేల్చడం నరకం.

అపోహ: నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికిస్తే సరి.

అందరూ దెబ్బతినేది ఇక్కడే. నేనూ తిన్నాను. మొత్తం ఫైలుకు 1తో మొదలయ్యే హెడర్ ఒక్కటే, 9తో మొదలయ్యే కంట్రోల్ రికార్డు (మొత్తాలుండే చివరి లైను) ఒక్కటే ఉండాలి. మధ్యలో ఒక్కో కంపెనీకి ఒక బ్యాచ్: దాని మొదటి లైను 5తో, చివరి లైను 8తో మొదలవుతాయి. బ్యాచ్ నంబర్లు వరుసగా పెరగాలి. చివరి రికార్డులో బ్యాచ్‌ల సంఖ్య, ఎంట్రీల సంఖ్య, డెబిట్, క్రెడిట్ మొత్తాలు, హ్యాష్ అన్నీ మళ్లీ లెక్కేయాలి. హ్యాష్ అంటే ప్రతి ఎంట్రీలోని రౌటింగ్ నంబరు (ఉద్యోగి బ్యాంకు నంబరు) మొదటి ఎనిమిది అంకెల కూడిక. ప్రతి లైనూ సరిగ్గా 94 అక్షరాలు. లైన్ల సంఖ్య పదితో భాగించబడాలి, తక్కువైతే 9లతో నింపాలి. మొదటిసారి చేతితో కలిపినప్పుడు హ్యాష్ మార్చడం మరిచిపోయాను, ఫైలు మొత్తం తిరిగొచ్చింది. రాత్రంతా టెన్షన్. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్‌తోనే కలుపుతున్నాను.

అపోహ: ఫీజులన్నీ తగ్గుతాయి.

ఫైలుకు వేసే ఫీజు మాత్రమే తగ్గుతుంది. ఎంట్రీకి ఇంత అని వేసేది మారదు, ఎందుకంటే ఉద్యోగులు అంతే మంది. మీ బ్యాంకు బ్యాచ్‌కు కూడా వసూలు చేస్తుంటే మిగిలేది ఇంకా తక్కువ. ముందు మూడు నెలల ఫీజు స్టేట్‌మెంట్లు తీసి చూడండి.

అపోహ: ఒక్క తప్పుతో అందరి జీతాలూ ఆగిపోతాయి.

ఇందులో సగం నిజం. ఒక ఉద్యోగి ఖాతా నంబరు తప్పైతే ఆ ఒక్క ఎంట్రీయే ఆర్03 (ఖాతా దొరకలేదు) లాంటి కోడ్‌తో వెనక్కి వస్తుంది. ఫైలు మొత్తాలే తప్పైతే మాత్రం అందరూ ఆగుతారు. అసలు ఇబ్బంది, ఒక కంపెనీ టైమ్‌షీట్లు ఆలస్యమైతే మిగతా ఐదూ ఎదురుచూడటం. అందుకే నేను గడువు పెట్టుకున్నాను. బుధవారం మధ్యాహ్నానికి రాని కంపెనీని వదిలేసి మిగతావి పంపేస్తాను. దానికి విడిగా ఇంకో ఫైలు వేసి, ఆ ఒక్క ఫీజూ కట్టమంటాను. గదులు శుభ్రం చేసే మనిషి శుక్రవారం జీతం కోసం ఇంటి అద్దె ఆపుకుని ఉంటుంది.