రెండు పవర్ సప్లైలు ఉన్నాయన్న ధీమా: సర్వర్ల విద్యుత్తుపై అపోహలు - వాస్తవాలు

సర్వర్ వెనుక రెండు పవర్ సప్లైలు, వాటి నుంచి రెండు కార్డులు (విద్యుత్ తీగలు), రెండింటి మీదా ఆకుపచ్చ దీపాలు కనిపిస్తే ఇక నిశ్చింతగా ఉండవచ్చని చాలామంది అనుకుంటారు. ర్యాక్‌లలో సర్వర్లు బిగించి, వాటి విద్యుత్ లెక్కలు చూసే పనిలో ఉన్న నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఆ దీపాలు కలిగించే ధీమాకే. ఒక లైను పోయినప్పుడు రెండోది మొత్తం భారాన్ని మోయగలదా లేదా అన్న సంగతి దీపాన్ని చూస్తే తెలియదు, ఆంపియర్ల లెక్క వేస్తేనే తెలుస్తుంది.

అపోహ: రెండు పవర్ సప్లైలున్న సర్వర్‌కు అంతరాయం ఉండదు.

రెండు కార్డులూ వేర్వేరు పీడీయూలకు (ర్యాక్‌లోని సర్వర్లకు విద్యుత్తు పంచే ప్లగ్ పట్టీలకు), ఆ పీడీయూలు వేర్వేరు యూపీఎస్‌లకు వెళ్లినప్పుడే ఈ మాటకు అర్థం ఉంటుంది. కార్డు పొడవు చాలక రెండింటినీ ఒకే పీడీయూకు గుచ్చిన సర్వర్లను నేను ఒకటి కంటే ఎక్కువ చోట్ల చూశాను. 2016 ఆగస్టులో అట్లాంటాలోని డెల్టా ఎయిర్‌లైన్స్ డేటా సెంటర్‌లో విద్యుత్ సరఫరా దెబ్బతిన్నప్పుడు, దాదాపు 7,000 పరికరాలలో సుమారు 300 ప్రత్యామ్నాయ సరఫరాకు సరిగా కలిపి లేవని తర్వాత తేలింది. ఆ కొద్ది శాతం పరికరాల లోపమే మూడు రోజుల్లో రెండు వేలకు పైగా విమానాలు రద్దు కావడానికి దారితీసింది.

కార్డులు సరిగానే గుచ్చినా లెక్క తప్పే అవకాశం ఉంది, నిజానికి అసలు ప్రమాదం అక్కడే ఉంది. సాధారణంగా రెండు పవర్ సప్లైలూ భారాన్ని చెరిసగం పంచుకుంటాయి. ఒక ర్యాక్‌కు ‘ఏ’, ‘బీ’ అని 32 ఆంపియర్ల లైన్లు రెండున్నాయనీ, ఒక్కోదాని మీద 24 ఆంపియర్లు నడుస్తున్నాయనీ అనుకుందాం. తెర మీద 75 శాతం అని కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నిర్వహణ పని కోసం ‘ఏ’ లైనును ఆపగానే ‘బీ’ లైను మీదికి 48 ఆంపియర్లు వచ్చి పడతాయి, కొంతసేపటికి ఆ బ్రేకర్ కూడా ట్రిప్ అయి ర్యాక్ మొత్తం చీకటవుతుంది. నిరంతర భారాన్ని బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతానికి మించనివ్వకూడదన్న నియమం ప్రకారం చూస్తే, రెండు లైన్లూ కలిపి 25.6 ఆంపియర్లు దాటకూడదు, అంటే ఒక్కో లైను 13 లోపే ఉండాలి. ఖాళీగా కనిపించే ఆ మిగతా సామర్థ్యం వృథా కాదు, మనం డబ్బు పెట్టి కొనుక్కున్న భద్రత అదే. కొత్త సర్వర్ పెట్టడానికి అందులో చోటు వెతికేవారిని ఆపడం నా ఉద్యోగంలో కష్టమైన భాగం.

అపోహ: పవర్ సప్లైలలో సగం ‘ఏ’ లైనుకు, సగం ‘బీ’ లైనుకు ఇస్తే ఏ సర్వర్‌కైనా సరిపోతుంది.

ఏఐ పనులకు వాడే పెద్ద సర్వర్లు వచ్చాక ఈ అలవాటు ప్రమాదకరంగా మారింది. గరిష్ఠంగా 10.2 కిలోవాట్లు తీసుకునే ఎన్‌విడియా డీజీఎక్స్ హెచ్100లో ఆరు పవర్ సప్లైలు ఉంటాయి, అది పనిచేయాలంటే వాటిలో నాలుగింటికి విద్యుత్తు అందుతూ ఉండాలి. పాత అలవాటు కొద్దీ మూడేసి చొప్పున పంచితే, ఒక లైను పోయిన క్షణంలో మూడే మిగులుతాయి. అందుకే దీనికి మూడు వేర్వేరు లైన్లు ఇచ్చి, ఒక్కోదానికి రెండేసి పవర్ సప్లైలు కలపాలి. కొత్త యంత్రం వచ్చినప్పుడు పవర్ సప్లైలు ఎన్ని ఉన్నాయని కాక, కనీసం ఎన్ని పనిచేయాలని అడగాలి.

అపోహ: 1,400 వాట్ల పవర్ సప్లైలు రెండుంటే సర్వర్ 2,800 వాట్లు వాడుతుంది.

పవర్ సప్లై మీద రాసి ఉన్న అంకె అది ఇవ్వగల గరిష్ఠ శక్తిని మాత్రమే సూచిస్తుంది. ఒకటి పోయినా రెండోది ఒంటరిగా నడపాలి కాబట్టి, అలాంటి సర్వర్ వాడకం 1,400 వాట్ల లోపే ఉండాలి, చాలా సర్వర్లలో అంతకంటే బాగా తక్కువ ఉంటుంది. ప్రణాళికకు ఆధారం కావలసింది ఐపీఎంఐ లేదా రెడ్‌ఫిష్ (సర్వర్ స్థితిని దూరం నుంచి చూసే పద్ధతులు) ద్వారా సర్వర్ చెప్పే వాస్తవ రీడింగ్. అందులోనూ సగటును కాక, బ్యాకప్‌లు, నెలాఖరు పనులు నడిచే వేళల గరిష్ఠాన్ని తీసుకోవాలి.

అపోహ: పవర్ క్యాపింగ్ (సర్వర్ తీసుకునే విద్యుత్తుకు పరిమితి) పెడితే సర్వర్ నెమ్మదిస్తుంది.

పరిమితిని రోజువారీ గరిష్ఠానికి కాస్త పైన పెడితే మామూలు రోజుల్లో అది ప్రాసెసర్ జోలికే రాదు. అన్ని సర్వర్లూ ఒకేసారి ఎగబాకినప్పుడు మాత్రమే వేగాన్ని తగ్గించి బ్రేకర్‌ను కాపాడుతుంది. అయితే ఫ్యాన్లు, మెమరీ, డిస్కులు తీసుకునే విద్యుత్తును అది పెద్దగా తగ్గించలేదు కాబట్టి, మరీ కిందికి పెట్టిన పరిమితి కాగితం మీదే మిగిలిపోతుంది.

అపోహ: పని లేని సర్వర్ కరెంటు తీసుకోదు.

తీసుకుంటుంది. ఖాళీగా 100 వాట్లు తాగుతున్న సర్వర్ ఏడాదికి 876 యూనిట్లు ఖర్చు చేస్తుంది, దాన్ని చల్లబరిచే ఖర్చు దీనికి అదనం. ఎవరిదో తెలియని అలాంటి యంత్రాలను గుర్తించి తీసేస్తే వచ్చే ఆదా, పవర్ సప్లైలలో ఒకదాన్ని నిద్రపుచ్చే హాట్ స్పేర్ పద్ధతితో వచ్చే ఆదా కంటే చాలా ఎక్కువ. పైగా ఆ పద్ధతిని ర్యాక్‌లోని అన్ని సర్వర్లలో ఒకే వైపు అమరిస్తే భారమంతా ఒకే లైను మీదికి చేరుతుంది.

అపోహ: ఒక కార్డు లాగి చూస్తే పరీక్ష అయిపోయినట్టే.

అది ఒక్క సర్వర్‌కు పరీక్ష అవుతుంది గానీ ర్యాక్‌కు కాదు. ముందుగా అనుకున్న సమయంలో, సంబంధిత బృందాలన్నిటికీ చెప్పి, ఒక లైను మొత్తాన్ని ఆపాలి. పరిమితికి మించిన భారం పడినా బ్రేకర్ వెంటనే పడదు, దాని లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగడానికి సమయం పడుతుంది. కాబట్టి మొదటి నిమిషంలో ఏమీ జరగలేదని లైనును తిరిగి వేసేయకుండా, రెండో లైను ఆంపియర్లు చూస్తూ కనీసం గంటసేపు అక్కడే నిలబడాలి.